పట్టీ తీసేసే ముందు అడిగే బాక్సు

పొదలకూరులో ఒక నిమ్మకాయల కొట్టుకి పైథాన్‌లో, విండోలు, బటన్లు కట్టే టికింటర్‌తో బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. సీజన్ మంచి ఊపులో ఉండగా ఒక మధ్యాహ్నం గుమస్తా ఫోన్ చేశాడు: "అన్నా, 42 బస్తాల పట్టీ కనపడట్లా. రైతు ఎదురుగానే నిలబడున్నాడు." పట్టీ అంటే రైతు తెచ్చిన సరుక్కి కొట్టు రాసిచ్చే లెక్క చీటీ.

డిలీట్ నొక్కితే "ఖచ్చితంగా తీసెయ్యాలా?" అని అడిగే బాక్సు ఉంది. కానీ రోజంతా బస్తాలు, రేట్లు ఎక్కిస్తూ ఎంటర్ కొట్టే చేతికి అది కూడా ఇంకో ఎంటరే. కాయలు అప్పటికే లారీకెక్కేశాయి. తూకం చీటీలు వెతికి పట్టీ మళ్ళీ రాసేదాకా ఆ పెద్దాయన కూర్చోలేదు. తప్పు గుమస్తాది కాదు, బాక్సు పెట్టిన నాది.

టికింటర్ మెసేజ్‌బాక్స్‌లో 'ఆస్క్‌యెస్‌నో' వాడితే విండోస్‌లో ఎంటర్ కొట్టగానే 'యెస్' పడుతుంది. అందుకే డిఫాల్ట్‌గా 'నో' ఇవ్వండి, ఐకాన్‌గా వార్నింగ్ పెట్టండి. పేరెంట్‌గా మీ విండోని ఇవ్వడం మరిచిపోవద్దు, ఏ విండో మీద పని చేస్తుంటే బాక్సు దాని ముందే రావాలి.

జవాబు చదివేటప్పుడు జాగ్రత్త. 'ఆస్క్‌యెస్‌నో' ట్రూ, ఫాల్స్ ఇస్తుంది. 'ఆస్క్‌క్వశ్చన్' మాత్రం 'యెస్', 'నో' అనే అక్షరాలు ఇస్తుంది. దాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే 'నో' కూడా ట్రూ కిందే లెక్క, వద్దన్నా రికార్డు పోతుంది! విండో మూసేటప్పుడు సేవ్ చెయ్యాలా అని అడిగే 'ఆస్క్‌యెస్‌నోక్యాన్సిల్' మూడు జవాబులిస్తుంది. క్యాన్సిల్ కొడితే వచ్చేది నన్ (None), అంటే ఏ జవాబూ లేదని. ముందు నన్ వచ్చిందా అని విడిగా చూడండి. వచ్చిందంటే ఏమీ చెయ్యకుండా వెనక్కి రావాలి. 'ఇఫ్ నాట్' అని ఒక్క ముక్కలో రాస్తే క్యాన్సిల్ కూడా 'నో' అయిపోయి, సేవ్ కాకుండానే విండో మూసుకుంటుంది.

ఇంతకన్నా ముఖ్యం ప్రశ్న. "ఖచ్చితంగా తీసెయ్యాలా?" అంటే ఏం తీసెయ్యాలి? ఇప్పుడు ఆ కొట్టులో బాక్సు ఇలా అడుగుతుంది: "పట్టీ నంబరు 318, 42 బస్తాలు. తీసెయ్యాలా?" కింద బటన్ల మీద "తీసెయ్యి", "ఉంచు" అని తెలుగులో ఉంటాయి. మెసేజ్‌బాక్స్ బటన్ల మీద మన మాటలు రాయలేం కాబట్టి టాప్‌లెవెల్ అనే విడి విండోతో సొంత బాక్సు కట్టాను. ట్రాన్సియెంట్, గ్రాబ్_సెట్, వెయిట్_విండో అనే మూడూ పిలిస్తే బాక్సు మూసేదాకా వెనక విండోలో ఏదీ నొక్కలేం. ఫోకస్ "ఉంచు" మీద పెట్టి, ఎస్కేప్‌ని, మూలనున్న క్లోజ్ గుర్తుని కూడా దానికే కట్టండి. ఎంటర్ కొడితే టికింటర్ బటన్ దానంతటదే పనిచెయ్యదు, స్పేస్‌కే స్పందిస్తుంది. కాబట్టి ఎంటర్‌ని "ఉంచు"కి మీరే బైండ్ చెయ్యాలి.

ప్రతి చిన్నదానికీ బాక్సు పెట్టకండి. సేవ్‌కి, ప్రింట్‌కి నేను పెట్టినవన్నీ పీకేశాను. చదవకుండా కొట్టడం అలవాటయ్యేది అక్కడే. తీసేసిన పట్టీ కూడా ఇప్పుడు డేటాబేస్‌లోంచి పోదు, 'రద్దు' అని గుర్తు పడుతుంది, అంతే. కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు.

కొట్టుకి ఇచ్చే ముందు ఒక పట్టీ తెరిచి, స్క్రీన్ చూడకుండా డిలీట్ నొక్కి ఎంటర్ మూడుసార్లు కొట్టండి. పట్టీ అక్కడే ఉండాలి.