పీఎఫ్‌ఐ వార్త రాసే ముందు చూసుకోవాల్సినవి

పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా (పీఎఫ్‌ఐ) గురించి వార్త వస్తే డెస్క్‌లో మొదట తప్పేది శీర్షిక. ‘ఉగ్రవాద సంస్థ’ అని పెట్టేస్తారు. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టంలో ఉన్నవి రెండు వేర్వేరు దారులు. సెక్షన్ 3 కింద ‘చట్టవిరుద్ధ సంఘం’గా ప్రకటిస్తే దానికి గడువు ఉంటుంది, ట్రిబ్యునల్ విచారణ ఉంటుంది. సెక్షన్ 35 కింద మొదటి షెడ్యూలులో చేర్చి ‘ఉగ్రవాద సంస్థ’ అంటే గడువూ ఉండదు, ట్రిబ్యునలూ ఉండదు. విద్యార్థి సంస్థ సిమి రెండింటిలోనూ ఉంది. పీఎఫ్‌ఐపై 2022లో పడింది సెక్షన్ 3. కాబట్టి ‘నిషేధిత సంస్థ’ అనండి, చాలు.

ముందు గెజిట్ నోటిఫికేషన్ దగ్గర పెట్టుకోండి. కేంద్ర హోంశాఖ దాన్ని 2022 సెప్టెంబర్ 27 తేదీతో ఇచ్చింది, మర్నాడు పొద్దున బయటికొచ్చింది. గడువు అయిదేళ్లు. సంస్థతో పాటు నిషేధించిన ఎనిమిది అనుబంధ సంఘాల పేర్లు అందులోనే ఉన్నాయి: రిహాబ్ ఇండియా ఫౌండేషన్, క్యాంపస్ ఫ్రంట్, ఆలిండియా ఇమామ్స్ కౌన్సిల్, ఎన్‌సీహెచ్‌ఆర్‌ఓ (మానవ హక్కుల సంఘాల జాతీయ సమాఖ్య), నేషనల్ విమెన్స్ ఫ్రంట్, జూనియర్ ఫ్రంట్, ఎంపవర్ ఇండియా ఫౌండేషన్, కేరళ రిహాబ్ ఫౌండేషన్. జాబితాను వేలు పెట్టి చదవండి. ఎస్‌డీపీఐ (సోషల్ డెమోక్రటిక్ పార్టీ ఆఫ్ ఇండియా) అందులో లేదు. 2009లో పుట్టిన ఆ పార్టీ ఎన్నికల సంఘం దగ్గర నమోదై ఉంది. అది పీఎఫ్‌ఐకి రాజకీయ విభాగమని దర్యాప్తు సంస్థలు అంటున్నాయి, కాదని పార్టీ అంటోంది. రెండు మాటలూ రాయాలి. ‘నిషేధిత ఎస్‌డీపీఐ’ అని మాత్రం ఎప్పుడూ రాయకూడదు.

తేదీలు కలగాపులగం కావడం ఇంకో జబ్బు. కేరళలోని ఎన్‌డీఎఫ్ (నేషనల్ డెవలప్‌మెంట్ ఫ్రంట్), కర్ణాటక ఫోరమ్ ఫర్ డిగ్నిటీ, తమిళనాడులోని మనిత నీతి పాసరై కలిసి పీఎఫ్‌ఐ అయింది 2006-07లో. 1990లనాటి కేరళ కేసును పీఎఫ్‌ఐ కేసు అనకూడదు. 2022 సెప్టెంబర్ 23న పీఎఫ్‌ఐ పిలుపుతో కేరళలో జరిగిన హర్తాళ్ కూడా నిషేధానికి ముందుదే. ఆ రోజు బస్సులకూ ఆస్తులకూ జరిగిన నష్టానికి కేరళ హైకోర్టు పీఎఫ్‌ఐని రూ.5.20 కోట్లు కట్టమంది. ఆ వార్తలో ‘నిషేధిత సంస్థ బంద్’ అంటే తేదీ తప్పినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది కేసు ఏ దశలో ఉందన్న దగ్గర. నోటిఫికేషన్‌లో ఉన్నవి ప్రభుత్వం చూపిన కారణాలు. అందులో ప్రస్తావించిన కాలేజీ అధ్యాపకుడి చేతి నరికివేత 2010 జూలై 4న కేరళలోని మువాట్టుపుళలో జరిగింది. ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు 2015లో 13 మందిని, 2023 జూలైలో మరో ఆరుగురిని దోషులుగా తేల్చింది. అక్కడ ‘దోషులు’ అని ధైర్యంగా రాయవచ్చు. పీఎఫ్‌ఐ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారన్న నిజామాబాద్ కేసు అలా కాదు. 2022 జూలైలో జిల్లా పోలీసులు నమోదు చేశారు, ఆగస్టులో ఎన్‌ఐఏ తీసుకుంది. ‘శిక్షణ ఇచ్చాడు’ అని రాస్తే తీర్పు మనమే ఇచ్చినట్టు. ‘శిక్షణ ఇచ్చాడని ఎన్‌ఐఏ ఆరోపణ’ అనాలి. ఆ ఒక్క ‘ని’ సబ్‌ఎడిటింగ్‌లో ఎగిరిపోకుండా చూడండి. స్థలం చాలకపోతే విశేషణాలు తీసేయండి, ‘ని’ని కాదు.

ట్రిబ్యునల్ అంటే హైకోర్టు జడ్జి ఒక్కరే. నోటిఫికేషన్ ఇచ్చిన 30 రోజుల్లో కేంద్రం దానికి పంపాలి, నోటిఫికేషన్ ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లో అది తేల్చాలి. ఢిల్లీ హైకోర్టు జడ్జి దినేశ్ కుమార్ శర్మ 2023 మార్చి 21న నిషేధాన్ని ఖరారు చేశారు. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్తే 2023 నవంబర్ 6న ముందు హైకోర్టుకు వెళ్లమన్నారు. దాన్ని ‘నిషేధాన్ని సమర్థించిన సుప్రీం’ అని వేస్తే అబద్ధం. కోర్టు మంచిచెడ్డల జోలికే పోలేదు.

నిషేధిత సంఘంలో సభ్యత్వమే నేరమని సుప్రీంకోర్టు 2023 మార్చి 24న చెప్పింది, 2011 నాటి తన తీర్పులను తోసిపుచ్చింది. సెక్షన్ 10 కింద రెండేళ్ల దాకా జైలు. అందుకే ఎవరినైనా ‘సభ్యుడు’ అనే ముందు ఎప్పటి సంగతో అడగండి. 2018 సభలో ఫొటో ఉన్నంత మాత్రాన ఈరోజు సభ్యుడు కాడు. ‘నిషేధానికి ముందు పనిచేసిన’ అని రాయండి.

ఫొటో విషయంలో ఒక్క మాట: మసీదు బొమ్మో, నమాజు చేసేవాళ్ల బొమ్మో ఫైల్‌ నుంచి తీసి పెట్టకండి. ఈ కేసుతో సంబంధం లేని వాళ్ల ముఖాలవి. ముస్లిం లీగ్, జమాతే ఇస్లామీల జెండాలు కూడా వేరు, సంస్థలూ వేరు.

అయిదేళ్ల గడువు 2027 సెప్టెంబర్‌లో ముగుస్తుంది. పొడిగిస్తే కొత్త నోటిఫికేషన్, కొత్త ట్రిబ్యునల్ కావాలి. ఆరోజు పాత వార్తలోంచి ‘ట్రిబ్యునల్ ఖరారు చేసింది’ అన్న వాక్యాన్ని కొత్తదానిలోకి అతికించకండి.