మురానో గాజు పాఠాలు – 3: రుమాలు కూజాని గుర్తుపట్టడం

పోయిన భాగంలో 1291 దగ్గర ఆగాం. వెనిస్ పాలకులు అగ్నిప్రమాదాలకి భయపడి గాజు కొలిములని మురానో దీవికి పంపేశారు. ఈసారి నేరుగా 1940ల చివరికి వెళ్దాం, ఎందుకంటే కొత్తగా సేకరించేవాళ్ళు తరచుగా తికమకపడే వస్తువు ఒకటి అప్పుడే పుట్టింది. అదే ఫాజ్జొలెత్తో, జేబురుమాలుని గాల్లో వదిలినట్టుండే కూజా. మురానోలోని వెనీని గాజు కంపెనీలో డిజైనర్ ఫుల్వియో బియాంకోనీ, పావొలో వెనీని కలిసి దీనికి రూపం ఇచ్చారు.

ముందు తయారీ అర్థం చేసుకోండి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. గాజుని గొట్టంతో ఊది, అడుగున ఇనుప కడ్డీ అతికించి, మూతి వెడల్పు చేసి, మళ్ళీ బాగా కాల్చి తలకిందులుగా పట్టుకుంటారు. మెత్తబడిన అంచు తన బరువుకి తనే జారి మడతలు పడుతుంది. అందుకే ఏ రెండు కూజాల మడతలూ ఒకేలా ఉండవు, గాజు మందం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్నిటిలో మెలితిప్పిన తెల్లదారాల్లాంటి గీతలుంటాయి, అది 16వ శతాబ్దం నుంచీ మురానోలో ఉన్న పని. ఆ గీతలు గాజు కడ్డీల రూపంలో లోపలే కలిసిపోయి ఉంటాయి.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో చాన్స్ బ్రదర్స్ అనే గాజు కంపెనీ చేసిన రుమాలు కూజా పక్కన పెట్టి చూడండి. దూరం నుంచి అచ్చం అలాగే ఉంటుంది. కానీ అది ఊదింది కాదు, పలక గాజుని వేడిచేసి వంచింది, డిజైన్ పైన అచ్చు వేసింది. మందం అంతటా ఒకటే, అడుగున కడ్డీ విరిచిన గుర్తుగానీ దాన్ని అరగదీసిన జాడగానీ ఉండదు. అదీ ముచ్చటైన వస్తువే, ఇష్టమైతే కొనుక్కోండి, కాకపోతే మురానో అనుకుని మురానో ధర పెట్టొద్దు.

అడుగున ఆసిడ్‌తో వేసిన మూడు వరుసల "వెనీని మురానో ఇటాలియా" ముద్ర కనిపిస్తే సంతోషమే, అయినా నేను దాన్ని ఆఖర్న చూడమంటాను. ముద్రని ఎవరైనా వేయొచ్చు, స్టిక్కర్ ఒకదాని మీంచి తీసి ఇంకోదానికి అంటించొచ్చు. లోపలి గీతలని మాత్రం తర్వాత చేర్చలేరు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్ళని మూడు ఫోటోలు అడగండి: అడుగు, అంచు పక్కనుంచి, వెనక లైటు పెట్టి ఒక మడత. అడుగు ఫోటో పంపనంటే ఆ కూజా వదిలేయండి.