రీఫ్ ట్యాంకులో నీళ్లు మార్చే ముందు

ఈ ఆదివారం మీ రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) నీళ్లు మార్చబోతున్నారా? బకెట్ ఎత్తే ముందు ఇవి చూసుకోండి.

పాత నీళ్లలో, కొత్త నీళ్లలో ఉప్పు ఎంతుందో ఒకే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి, రెండూ 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు) దగ్గర ఉండాలి. తేడా ఎక్కువైతే పగడాలు ముడుచుకుపోతాయి, రొయ్యలు చచ్చిపోతాయి కూడా. పైకి తేటగా ఉందని నమ్మకండి. బకెట్ అడుగున చేతికి ఉప్పు పలుకులు తగిలితే ఇంకా కలవనట్టే, బకెట్లో కలిపే పంపు తిరగనివ్వండి.

హీటర్, రిటర్న్ పంపు (నీళ్లను తిరిగి ట్యాంకులోకి పంపేది), ఆటో టాప్-ఆఫ్ (నీటిమట్టం తగ్గితే మంచినీళ్లు నింపేది) ప్లగ్గులు తీసేయండి. నీళ్లు దిగాక హీటర్ గాలిలో కాలితే గాజు పగులుతుంది. టాప్-ఆఫ్ నడుస్తూంటే మంచినీళ్లు చేరి ఉప్పు పలచబడుతుంది.

బోరు నీళ్లు వద్దే వద్దు. ఆర్వో-డీఐ నీళ్లే (ఫిల్టర్లతో లవణాలన్నీ తీసేసినవి) వాడండి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల కొలత) 0 ఉండాలి.

కొత్త నీళ్లు 25-26 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఎండాకాలం మేడమీద కలిపిన నీళ్లు నేరుగా పొయ్యకండి.

ఒక విడతకు ట్యాంకు నీళ్లలో 10 శాతం మారిస్తే చాలు.