ఆర్టీసీ సమ్మె నోటీసు వచ్చిందా? ముందు మైకు పక్కన పెట్టండి

విజయవాడలో ఇద్దరు నాయకుల దగ్గర పీఏగా చేశాను. నోటీసు వచ్చిన ప్రతిసారీ అదే తంతు, పన్నెండు రోజులు ఎవరూ పట్టించుకోరు, పదమూడో రోజు ఉరుకులు పరుగులు.

1. నాయకుడిగా నోటీసు మీరే చదవండి. పీఏ చెప్పింది విని ఊరుకోవద్దు, పీఏనే చెబుతున్నాను. నోటీసిచ్చాక 14 రోజుల్లోపు సమ్మెకు దిగకూడదని చట్టం, మీకున్న టైమంతా అదే. డిమాండ్లలో డబ్బుతో తేలేవి వేరు, సంతకంతో తేలేవి వేరు. డబుల్ డ్యూటీలు, సెలవులు, రెస్ట్ రూముల గొడవలు మొదటి మూడు రోజుల్లోనే తేల్చేయండి.

2. సమ్మె రోజుల్లో నడపడానికి అద్దె బస్సులు, స్కూలు బస్సులు, హెవీ లైసెన్సున్న బయటి డ్రైవర్లు: ఇవన్నీ కలెక్టరు, ఆర్టీవో చూసుకుంటారు. డిపో గేటు దగ్గర మీ ఫొటో అక్కర్లేదు.

3. చర్చలు. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

లోపలికి వెళ్లేముందు మైకులో ఒక్క మాట జారకూడదు. తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు నడిచింది. డ్యూటీకి రానివాళ్లు ఉద్యోగం వదులుకున్నట్టే అంది ప్రభుత్వం, చివరికి వాళ్లనే మళ్లీ తీసుకున్నారు. మన దగ్గర 2015 మేలో 43 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతాల పెంపు, అడిగితే, ఎనిమిది రోజులు బస్సులు ఆగాక ఇచ్చింది ఆ 43 శాతమే. ఆ ఇచ్చేదేదో ముందే ఇస్తే పోయేది కదా! 2019 జూన్‌లో అలాగే చేశారు, 13న మొదలవ్వాల్సిన సమ్మె, ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేస్తామన్న హామీతో ముందురోజే ఆగింది.

చర్చలు ఆర్టీసీ హౌస్‌లోనే పెట్టండి, అదీ పొద్దున పూటే. హోటల్లో ఏసీ హాలు తీసుకుంటే "డబ్బుల్లేవన్నారుగా" అనే మాటతోనే మొదలవుతుంది. ఒక సంఘాన్ని విడదీసి సంతకం చేయించుకుందామనే తెలివి కొందరికి ఉంటుంది, మిగతా సంఘాలు ఆ రాత్రే గేటు దగ్గర టెంటు వేస్తాయి.

ఇక మినిట్స్, అంటే చర్చల్లో ఒప్పుకున్నవి రాసే కాగితం. ఒకసారి రాత్రి పదకొండున్నరకి ప్రింటు తీస్తే, సంఘం పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని "పరిశీలిస్తాం" అన్న మాట మీద వేలు పెట్టాడు. "ఇంకెన్నిసార్లు పరిశీలిస్తారు సార్?" అన్నాడు. మా నాయకుడు నవ్వేశాడు. అంతే, తెల్లవారుజామున ఫస్ట్ సర్వీసు గేటు దాటలేదు. ప్రతి లైను పక్కనా తేదీ ఉండాలి, కమిటీ వేస్తే కమిటీకీ తేదీ ఉండాలి. సంతకాలయ్యేదాకా టీకి కూడా ఎవర్నీ బయటికి పంపకండి.

4. అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ఉంది కదా అంటారు. జీవో ఇవ్వడం తేలికే, జీవో బస్సు నడపదు. దాని పేరు ఎత్తిన రోజున అప్పటిదాకా ఊగిసలాడుతున్నవాళ్లు కూడా అవతలి వైపు చేరిపోతారు.

5. కుదిరిందా, ఒప్పందం కాపీలు ఆ రాత్రికే గవర్నర్‌పేట, విద్యాధరపురం, ఆటోనగర్ డిపోల నోటీసు బోర్డుల మీద ఉండాలి. వాట్సాప్ ఫొటో కాదు, సంతకాలున్న జిరాక్సు. ఫస్ట్ సర్వీసు డ్రైవరు డ్యూటీ ఎక్కేముందు దాన్ని చదువుకుంటాడు, చదవనివ్వండి.