ఆపత్కాలానికి ఒక బూటబుల్ పెన్‌డ్రైవ్: తయారీ, వాడకం

విండోస్ మొరాయించిన కంప్యూటర్‌ను తన నుంచే మొదలుపెట్టి (బూట్ చేసి) బాగుచేసే పెన్‌డ్రైవ్‌ను ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి, ఎందుకంటే దాన్ని తయారుచేయడానికి సవ్యంగా నడుస్తున్న కంప్యూటరే కావాలి. 16 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది కానీ, విండోస్ 11 ఐఎస్‌ఓ (డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా మలిచిన రూపం) ఒక్కటే 5 జీబీ దాటుతుంది కాబట్టి 32 జీబీది తీసుకోవడం మేలు.

రూఫస్ లాంటి బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారీ సాధనాలు మామూలుగా పెన్‌డ్రైవ్‌కు ఒక్క ఐఎస్‌ఓనే ఎక్కిస్తాయి. మరమ్మతు పనికి ఒక్కటి చాలదు కనుక ఇక్కడ ఒకే పెన్‌డ్రైవ్‌లో అనేక ఐఎస్‌ఓలను ఉంచి మెనూ నుంచి ఎంచుకోనిచ్చే వెంటాయ్‌ని ఎంచుకోవడం ఉత్తమం. విండోస్‌లో దాని ఇన్‌స్టాలర్‌ను తెరిచి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుని ఇన్‌స్టాల్ నొక్కితే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. అందువల్ల నొక్కే ముందు అక్కడ కనిపిస్తున్న పేరూ, సైజూ మీ పెన్‌డ్రైవ్‌వేనని నిర్ధారించుకోండి, వీలైతే మిగతా యూఎస్‌బీ డ్రైవ్‌లను తీసేయండి. ఆ తర్వాత ఐఎస్‌ఓ ఫైళ్లను మామూలు ఫైళ్లలాగే కాపీ చేస్తే చాలు, విప్పనక్కరలేదు. ప్రధాన పార్టిషన్ (డ్రైవ్‌లోని విభాగం) ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో (ఫైళ్లను అమర్చే పద్ధతిలో) ఉంటుంది కాబట్టి, పాత పద్ధతి అయిన ఫ్యాట్32లో ఒక్కో ఫైలుకు ఉన్న 4 జీబీ పరిమితి ఇక్కడ అడ్డురాదు.

సిస్టమ్‌రెస్క్యూ (మరమ్మతు సాధనాలున్న లినక్స్), క్లోన్‌జిల్లా (డిస్కుల నకలు తీసేది), మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ను పరీక్షించేది), విండోస్ ఇన్‌స్టాలర్, ఈ నాలుగూ ఉంటే చాలావరకు పని గడిచిపోతుంది. వాటిని అధికారిక సైట్ల నుంచే దింపుకుని, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో (ఫైలు చెడలేదని తేల్చే వేలిముద్ర లాంటిది) సరిపోల్చుకోవాలి. సగంలో చెడిన ఐఎస్‌ఓ కొన్నిసార్లు మెనూ దాకా బాగానే వచ్చి, అసలు పని దగ్గర ఆగిపోతుంది.

ఇక బూట్ చేసి చూడాలి. కంప్యూటర్ ఆన్ కాగానే, ఏ డ్రైవ్ నుంచి బూట్ కావాలో అడిగే బూట్ మెనూ కీ నొక్కాలి: డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేనివాటిని బూట్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే మొదటిసారి ఒక నీలి తెర వచ్చే అవకాశముంది. అందులో డిస్క్ నుంచి కీ నమోదు చేసే ఎంపికకు వెళ్లి, వీటీవోవైఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌లో ఉన్న సర్టిఫికెట్ ఫైలును ఎంచుకుని, రీబూట్ చేయాలి. దీన్ని తప్పించుకోవాలని సెక్యూర్ బూట్‌ను ఆపేస్తే, బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న కంప్యూటర్ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌ను చదవడానికి కూడా ఆ కీ కావలసి వస్తుంది గనుక, ముందే దాన్ని కాగితం మీద రాసి దాచుకోండి.

మరొక చిక్కు, విండోస్‌ను త్వరగా తెరిచే ఫాస్ట్ స్టార్టప్‌తో వస్తుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడదు, ఆ స్థితిలో ఉన్న డ్రైవ్‌లో రాయడానికి లినక్స్ సాధారణంగా ఒప్పుకోదు. విండోస్ ఇంకా తెరుచుకుంటున్నట్లయితే, షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే సరిపోతుంది.

హార్డ్‌డిస్క్ చెడిపోతోందని అనుమానం ఉంటే మరమ్మతుకు దిగకుండా ముందు నకలు తీయాలి. విండోస్‌లోని చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను సరిదిద్దుతుందే తప్ప డేటాను కాపాడటం దాని పని కాదు, పైగా ప్రాణం మీదికి వచ్చిన డిస్కును మరింత శ్రమపెడుతుంది. సిస్టమ్‌రెస్క్యూలో ఉన్న డీడీరెస్క్యూ అనే నకలు సాధనం, మొదట బాగున్న భాగాలను గబగబా కాపీ చేసి, చెడ్డ సెక్టార్ల (డిస్కులోని చిన్న చిన్న భాగాల) దగ్గరికి తర్వాత తీరిగ్గా వస్తుంది. ఏ భాగాలు కాపీ అయ్యాయో నమోదు చేసే మ్యాప్ ఫైలు పేరు ఇచ్చి ఉంటే, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. ఆదేశంలో ముందు మూలం, తర్వాత గమ్యం, చివర మ్యాప్ ఫైలు వస్తాయి. మొదటి రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద పడుతుంది. కనుక డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశంతో డిస్కుల సైజులు చూసుకున్నాకే ఎంటర్ నొక్కండి. గమ్యంలో మూలానికి సరిపడా చోటు ఉండాలి.

మాయమైన పార్టిషన్ల కోసం టెస్ట్‌డిస్క్‌ను, చెరిగిన ఫైళ్ల కోసం ఫోటోరెక్‌ను ఆ నకలు మీదే నడపండి. ఫోటోరెక్ తెచ్చిన ఫైళ్లకు పాత పేర్లు సాధారణంగా ఉండవు. ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటును ఖాళీ చేసుకోమని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) పనిచేస్తున్న ఎస్‌ఎస్‌డీలో చెరిపిన ఫైళ్ల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోనక్కరలేదు.