అల్జీమర్స్ ముప్పును తగ్గించుకునే ప్రయత్నం ఎలా మొదలుపెట్టాలి?

మెదడులోని చెత్తను, దెబ్బతిన్న కణాల శిథిలాలను మింగి శుభ్రం చేసే రోగనిరోధక కణాలను మైక్రోగ్లియా అంటారు. అల్జీమర్స్‌లో పేరుకుపోయే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దల చుట్టూ మూగి వాటిని కట్టడి చేసేవి ఇవే. అయితే ఏళ్ల తరబడి ఉద్రేక స్థితిలోనే ఉండిపోతే ఇవే కణాలు ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచే (వాపు, మంట కలిగించే) రసాయనాలను విడుదల చేస్తూ, నాడీకణాలను కలిపే సంధులను సైతం దెబ్బతీస్తాయి. ఈ కణాల పనితీరుకు కీలకమైన ట్రెమ్2 జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి వ్యాధి ముప్పు ఎక్కువని 2013లో తేలాక, పరిశోధకుల దృష్టి వీటిపైకి మరింతగా మళ్లింది.

జన్యువులను మార్చుకోలేము. కానీ 14 ముప్పు కారకాలను సరిదిద్దగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే స్థితి; దీనికి ప్రధాన కారణం అల్జీమర్సే) కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని వైద్య పత్రిక లాన్సెట్ ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో అంచనా వేసింది. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్కే తప్ప ఏ ఒక్కరికీ ఇచ్చే హామీ కాదు.

ఆ కారకాల్లో ఒకటైన అధిక రక్తపోటుతో మొదట ప్రారంభించండి. జ్ఞాపకశక్తి మాత్రల కోసం వెతకడం కంటే ఇదే మేలన్నది నా అభిప్రాయం. కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, పొగ మానేసి, వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. పట్టీ కట్టిన చేయి గుండె ఎత్తులో బల్లపై ఆని ఉండాలి. ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు కొలిచి, వారం రోజుల అంకెలను రాసుకుని వైద్యునికి చూపించండి. చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలూ అప్పుడే చేయించుకోవచ్చు.

తరువాత, ఆ కారకాల్లోనే మరొకటైన వినికిడి లోపం. చాలామంది పట్టించుకోనిది ఇదే. అవసరమైతే వినికిడి యంత్రం వాడటానికి సంకోచించవద్దు.

వ్యాయామం విషయంలో వారానికి 150 నిమిషాల చురుకైన నడకను లక్ష్యంగా పెట్టుకోండి. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం సరిపోతుంది. పొగతాగే అలవాటుంటే మానేయాలి. నిద్రలో మెదడు నుంచి వ్యర్థాలు తొలగే తీరుపై పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది. అయినా గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగడం వంటి లక్షణాలుంటే పరీక్ష చేయించుకోవడం అవసరం.

ఇప్పటికే మతిమరుపు రోజువారీ పనులకు అడ్డు వస్తుంటే, ఈ అలవాట్లు ఫలిస్తాయేమోనని ఎదురుచూడకుండా వెంటనే వైద్యుని కలవండి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వాటికి చికిత్స ఉంది.