చెన్నైలో ఉండి తుఫాను బులెటిన్ చదవడం ఎలా?

అక్టోబరు వస్తే చాలు, బంగాళాఖాతంలో ఏ అల్పపీడనం ఏర్పడినా మన వాట్సాప్ గ్రూపుల్లో టెన్షన్ మొదలవుతుంది. రెండు రోజులయ్యాక ఎవరో ఒకరు "తుఫాను ఆంధ్రా వైపు మళ్లిందట, మనకేం భయం లేదు" అంటారు. ఆ మాట నమ్మి పార్కింగ్‌లోంచి కారు తీయనివాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నాను. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్ మీరే చదువుకోండి. పావుగంట పని.

కావలసినవి: తాజా బులెటిన్, అక్షాంశ రేఖాంశాలున్న తీరం మ్యాపు ప్రింటు, స్కేలు, పెన్సిలు. ఫోన్లో రంగుల సుడులు తిప్పే యాప్‌లు వద్దు. అవి చూపేది ఏదో ఒక మోడల్ (కంప్యూటర్ వేసే అంచనా) లెక్క. ఐఎండీ వాళ్లు అనేక మోడళ్లను, ఉపగ్రహ చిత్రాలను, రాడార్‌ను కలిపి చూసి చెబుతారు.

ముందు టైము చూడండి. యూటీసీ (అంతర్జాతీయ సమయం) అని ఉంటే మన టైము కోసం అయిదున్నర గంటలు కలపాలి. పాతదైతే పక్కన పడేయండి.

తర్వాత స్థాయి. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కి.మీ. ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుఫాను. పేరు పెట్టేది అప్పుడే. 13 దేశాలు తలా 13 పేర్లు ఇవ్వగా 2020లో 169 పేర్ల జాబితా తయారైంది. అందులో వరుసలో ఉన్న పేరు తీసుకుంటారు. దీనికి గాలి వేగమే లెక్క, వానతో సంబంధం లేదు. 2015 డిసెంబరు 1న చెన్నైని ముంచిన వానకు ఏ తుఫాను పేరూ లేదు. పేరు రాలేదని ధీమాగా కూర్చోకండి.

ఇక అందరూ తప్పు చేసేది ట్రాక్ మ్యాపు (తుఫాను పోయే దారి చూపేది) దగ్గర. మధ్యలో ఒక గీత, దాని చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే పట్టీ ఉంటాయి. గీత తీరాన్ని ఎక్కడ తాకిందో చూసి మ్యాపు మూసేస్తారు. ఆ పట్టీ తుఫాను సైజు కాదు, వాన పడే ప్రాంతమూ కాదు. తుఫాను కేంద్రం ఆ పట్టీలో ఎటైనా పోవచ్చని మాత్రమే దానర్థం. మేఘాలు కేంద్రం నుంచి వందల కిలోమీటర్లు పరుచుకుంటాయి. పట్టీ బయట ఉన్న ఊరికి కుండపోత వాన రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు.

మిచౌంగ్ తుఫానునే తీసుకోండి. అది 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. చెన్నై నుంచి అక్కడికి మూడొందల కిలోమీటర్లకు పైమాటే. కానీ చెన్నై మునిగింది 3, 4 తేదీల్లో, అంటే అది తీరం దాటకముందే. ఉత్తరానికి పోతూ పోతూ మన తీరానికి దగ్గరగా, నెమ్మదిగా కదిలింది. బాపట్ల, బాపట్ల అని టీవీలు చెబుతుండగా ఇక్కడ వేళచ్చేరి, పళ్లికరణై వీధుల్లో పడవలు తిరిగాయి.

అందుకే తీరం దాటే చోటును వదిలేయండి. మ్యాపు మీద చెన్నైని 13.1 ఉత్తర అక్షాంశం, 80.3 తూర్పు రేఖాంశం దగ్గర గుర్తుపెట్టండి. బులెటిన్‌లో ఇచ్చిన ప్రతి స్థానానికీ ఒక చుక్క పెట్టి, పక్కనే టైము రాయండి. చెన్నై నుంచి గీతకు, పట్టీలో మనవైపు అంచుకు అతి తక్కువ దూరం ఎంతో స్కేలుతో కొలవండి. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కి.మీ. తర్వాత చుక్కల మధ్య ఎడం చూడండి. చుక్కలు దగ్గరదగ్గరగా పడుతున్నాయంటే తుఫాను నత్తనడక నడుస్తోంది. గడిచిన ఆరు గంటల్లో ఎంత వేగంతో కదిలిందో బులెటిన్ మొదట్లోనే ఉంటుంది. మనకు 200 కి.మీ. లోపల ఉండి, గంటకు 10 కి.మీ. కూడా కదలకపోతే రెడ్ అలర్ట్ కోసం ఆగొద్దు. కారు ఎత్తుకు చేర్చండి, మంచినీళ్లు పట్టి పెట్టుకోండి.

ఎటువైపు దాటుతుందో కూడా చూడాలి. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. 2022లో మాండూస్ తుఫాను లాగా మనకు దక్షిణాన మహాబలిపురం వైపు దాటితే గాలి సముద్రం మీంచి మన మీదికి తోస్తుంది. అలాంటప్పుడు అడయారు, కూవం నదుల నీళ్లు సముద్రంలోకి సరిగా దిగవు.

వాన పట్టికలో 'అత్యంత భారీ' అంటే ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు దాటడం. తుఫానుగా మారాక మూడు గంటలకో బులెటిన్ వస్తుంది. పాత చుక్కలు చెరపకుండా కొత్తవి పెడుతూ పొండి.

2016లో వర్ధా తుఫాను లాగా కేంద్రం నేరుగా ఊరి మీదికే వస్తే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. మేడ మీదికి వెళ్లకండి, కాసేపట్లో రెండోవైపు నుంచి మళ్లీ అంతే బలంగా కొడుతుంది.